మా వాణ్ణి ఎరిగినవాళ్ళు



వచ్చే మాఘమాసానికి మా అబ్బాయికి 18 ఏళ్ళు నిండుతాయి. ఆ ఈడు పిల్లలున్న ఇళ్ళలో ఎంట్రన్సు ర్యాంకుల గురించో, బండి కొనిపెట్టమనే పేచీ గురించో మాటలు నడుస్తుంటాయి. మా ఇంట్లో కలెక్టరాఫీసులో పెట్టాల్సిన దరఖాస్తు గురించి నడుస్తున్నాయి. మా వాడికి ఆటిజం. ఇన్నాళ్ళూ వాడి తరఫున ప్రతి కాగితం మీదా మేమే సంతకం పెట్టాం. 18 నిండాక చట్టం లెక్కలో వాడు మేజరు. కన్నవాళ్ళమన్న ఒక్క కారణంతో వాడి తరఫున సంతకం పెట్టే అధికారం ఇక మాకు ఉండదు.

ఇలాంటి పిల్లల కోసమే 1999లో పార్లమెంటు నేషనల్ ట్రస్ట్ చట్టం చేసింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ళకు అది వర్తిస్తుంది. ఆ చట్టం కింద జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఒక కమిటీ ఉంటుంది. మేజరైన పిల్లలకు గార్డియన్ ఎవరో ఆ కమిటీ నిర్ణయిస్తుంది. దరఖాస్తులో గార్డియన్ పేరు రాయాల్సిన చోట మా ఆయన పెన్ను ఆగింది. "ఇప్పటికి మన పేర్లు రాస్తాం. ఆ తర్వాత?" అన్నారు.

ఈ "ఆ తర్వాత" అన్న మాట ఆటిజం పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. థెరపీ సెంటరు వరండాలో నలుగురు తల్లులం కూర్చుంటే, మాలో ఒకావిడైనా "దేవుడు నాకు వీడికంటే ఒక్కరోజు ఎక్కువ ఆయుష్షిస్తే చాలు" అంటుంది. కడుపున పుట్టినవాడు తనకంటే ముందు పోవాలని కోరుకోవాల్సి రావడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆ మాట విన్నాక ఎవరమూ మాట్లాడం. లోపలినుంచి పిల్లల గొంతులు వినపడుతూ ఉంటాయి.

ఆ ప్రశ్నకు కొందరు ఫిక్స్‌డ్ డిపాజిట్లు చూపిస్తారు, కొందరు ఇంకో బిడ్డను చూపిస్తారు. డబ్బు కావలసిందే, కాదనను. అయితే ఇన్నేళ్ళలో నాకు తేలిందేమిటంటే, మా వాడికి అన్నిటికంటే పెద్ద ఆస్తి వాణ్ణి ఎరిగిన మనుషులు. చూసి అయ్యో పాపం అని పక్కకు తప్పుకునేవాళ్ళు ఈ లెక్కలోకి రారు. వాడికి ఏది గిట్టదో, ఏం చేస్తే కుదుటపడతాడో, ఏ మాటకు ఏమర్థమో తెలిసినవాళ్ళు కావాలి. అలాంటివాళ్ళు మా వీధిలో, మా ఊళ్ళో ఎందరుంటే వాడికి అంత భద్రత. ఈ పావుగంటలో ఆ సంగతే మీకు చెప్పాలనుకుంటున్నాను.

మాది తెనాలి. వాడు పుట్టిన ఏడాది వరకూ మాకు ఏ అనుమానమూ లేదు. బొద్దుగా ఉండేవాడు, వేళకు నడిచాడు. కానీ పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. డాబా మీద ఎత్తుకుని "అదిగో చందమామ" అని చూపిస్తే నా వేలినే చూసేవాడు తప్ప వేలు చూపించిన వైపు చూసేవాడు కాదు. మంచినీళ్ళు కావాలంటే నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్ళి, నా చేతిని బిందె మీద పెట్టేవాడు. అంతసేపూ నా మొహంలోకి మాత్రం చూసేవాడు కాదు. వచ్చిన "అత్త", "తాత" కూడా ఏడాదిన్నర దాటేసరికి పోయాయి.

మా అత్తగారు వసకొమ్ము అరగదీసి నాలుక మీద రాశారు. "మగపిల్లలకు మాటలు ఆలస్యమే. వీళ్ళ బాబాయికీ నాలుగేళ్ళ దాకా మాటల్లేవు" అన్నారు. ఆవిడ ప్రేమకు వంక పెట్టలేను. వింటున్న చిన్నపిల్లల తల్లులకు మాత్రం ఒక మాట చెబుతాను. ఏడాది దాటినా పిలిస్తే పలక్కపోవడం, కావలసినదాన్ని వేలితో చూపించకపోవడం, ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోవడం, వచ్చిన మాటలు పోవడం, వీటిలో ఏది కనిపించినా బాబాయి కథ చెప్పుకుంటూ కూర్చోకండి. పిల్లల డాక్టరుకు చూపించండి. జిల్లా ఆస్పత్రుల్లో డీఈఐసీ అనే కేంద్రాలున్నాయి, మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. మన దేశపు పిల్లల కోసం 40 అంశాలతో ఆటిజాన్ని అంచనా వేసే కొలమానం అక్కడే తయారైంది. ఆటిజానికి మందు లేదు. కానీ మెదడు ఎదిగే ఆ మొదటి ఏళ్ళలో స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ఇంట్లో మనం వాడితో ఆడే ఆట ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు.

డాక్టరు పేరు పెట్టి చెప్పిన రోజు నుంచి ఇంకో గొడవ మొదలైంది. తప్పెవరిది? ఒకరు ఫోను చూపించి అన్నం పెట్టినందుకన్నారు. ఒకరు గ్రహణంనాడు కదిలి ఉంటావన్నారు. ఉద్యోగం చేసే తల్లి కదా అని ఇంకొకరు ఊరుకున్నారు, ఊరుకోవడంలోనే అంతా ఉంది. ఈ నింద మన ఊళ్ళలోనే పుట్టిందనుకునేరు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లలను గమనించి ఆటిజాన్ని మొదటిసారి విడిగా వర్ణించాడు. తర్వాతి ఏళ్ళలో, ఈ పిల్లల తల్లిదండ్రులు మనసు విప్పని మనుషులన్న మాట ఆయన రాతల్లోనే చోటు చేసుకుంది. దాన్ని పట్టుకుని 'రిఫ్రిజిరేటర్ తల్లులు' అని పేరే పెట్టారు. తల్లి చల్లదనం తగిలి బిడ్డ గడ్డకట్టుకుపోయాడని తాత్పర్యం. చికాగోలో బ్రూనో బెటల్‌హైమ్ అనే ఆయన 1967లో ఆ ధోరణిలో పెద్ద పుస్తకమే వేశాడు. అప్పటికి మూడేళ్ళ ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వవేత్త ఇది మెదడుకు సంబంధించిన సంగతి, పెంపకానికి సంబంధించింది కాదని వాదిస్తూ పుస్తకం రాశాడు. ఆయన కొడుక్కి ఆటిజం. ఒక తండ్రి పుస్తకాలు తిరగేసి, తన భార్య మీద పడ్డ మచ్చ చెరిపాడని నేను అనుకుంటాను. ఇందులో జన్యువుల పాత్ర చాలా ఉందని తర్వాత పరిశోధనలు తేల్చాయి.

తల్లుల తర్వాత నింద టీకాల మీద పడింది. 1998లో లండన్‌లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు 12 మంది పిల్లలను చూపించి, తట్టు టీకాకూ ఆటిజానికీ ముడిపెడుతూ వ్యాసం రాశాడు. దాన్ని వేసిన లాన్సెట్ వైద్య పత్రికే 2010లో ఆ వ్యాసాన్ని రద్దు చేసింది. అదే ఏడు ఆయన డాక్టరు రిజిస్ట్రేషనూ పోయింది. 2019లో డెన్మార్క్ వాళ్ళు 6 లక్షల 57 వేలమందికి పైగా పిల్లల వివరాలు చూసి, టీకాతో ఆటిజం రాదని మళ్ళీ చెప్పారు. అయినా మా వీధిలో ఇప్పటికీ ఒకరిద్దరు పసిబిడ్డల తల్లులు ఆ టీకా దగ్గర తటపటాయిస్తారు.

ఈ చరిత్రంతా ఎందుకు చెప్పానంటే, నిందపడ్డ తల్లి బిడ్డను దాచుకుంటుంది. పెళ్ళికి తీసుకెళ్ళదు, గుడికి తీసుకెళ్ళదు, చుట్టాలొస్తే లోపలి గదిలో పడుకోబెడుతుంది. దాచుకున్న బిడ్డను ఎవరూ ఎరగరు. పదేళ్ళు గడిచేసరికి వాడికి తల్లీ తండ్రీ తప్ప లోకంలో మనిషే ఉండడు. "ఆ తర్వాత" అన్న భయమంతా అక్కడే పెరుగుతుంది.

మా వాణ్ణి నలుగురికీ ఎరుక చేయాలంటే ముందు మేం వాణ్ణి ఎరగాలి. అదే చాలా కాలం పట్టింది. మన చెవికి ఒక జల్లెడ ఉంటుంది. బజార్లో నిలబడి మాట్లాడుకుంటున్నా ఆటో హారను, మైకులో పాట, మిర్చిబండి దగ్గర నూనె చిటపటలు అన్నీ వెనక్కుపోయి, ఎదుటి మనిషి మాటే వినిపిస్తుంది. వాడి చెవికి ఆ జల్లెడ లేదు. అన్నీ ఒకే జోరున వచ్చిపడతాయి. తట్టుకోలేకపోతే రెండు చెవులూ మూసుకుని కూలబడి అరుస్తాడు. చూసేవాళ్ళకు అది మొండితనం. మొండికేసిన పిల్లవాడు అడిగింది కొనిపెడితే ఊరుకుంటాడు, మధ్యమధ్య మనవైపు ఓ కన్నేసి ఉంచుతాడు కూడా. వీడు ఎవరినీ చూడడు, ఏది ఇచ్చినా ఊరుకోడు. ఆ శబ్దం నుంచి పక్కకు తీసుకెళ్ళి, మాట్లాడకుండా పక్కన కూర్చుంటే కాసేపటికి తనే లేస్తాడు. ఆ కాసేపూ చుట్టూ గుంపు చేరకుండా ఉంటే చాలు.

మాటల సంగతీ అంతే. వాడికి సొంతంగా వాక్యం కట్టడం రాదు. విన్న వాక్యాలు మాత్రం అచ్చు గుద్దినట్టు అప్పజెబుతాడు. తెనాలి స్టేషను మాకు దగ్గరే. రైళ్ళంటే వాడికి ప్రాణం. రోజూ సాయంత్రం వాళ్ళ నాన్నతో వెళ్ళి వంతెన మీద నిలబడతాడు. ఒకరోజు నేను వంట చేస్తుంటే వెనక నిలబడి, స్టేషన్లో ఆవిడ గొంతుతోనే "దయచేసి వినండి" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. మళ్ళీ అన్నాడు. మూడోసారి గట్టిగా అన్నాడు. తిరిగి చూస్తే చేతిలో ఖాళీ గ్లాసు. స్టేషన్లో ఆ మాట వినపడగానే అందరూ తల తిప్పుతారని వాడు కనిపెట్టాడు. నన్ను పిలవడానికి వాడుకున్నాడు. అప్పట్నుంచి మా ఇంట్లో "దయచేసి వినండి" అంటే "అమ్మా, ఇటు చూడు" అని. రైలు పేరు "పినాకిని" అంటే బయటికి వెళ్దామని. ఈ నిఘంటువు మా దగ్గరే ఉంటే ఏం లాభం? అందుకని ఎదురింటి పిన్నిగారికీ, పాలు పోసే వెంకాయమ్మకూ, కిరాణా కొట్టు శెట్టిగారికీ చెప్పాం. శెట్టిగారు ఇప్పుడు కొట్లో మా వాడు "దయచేసి వినండి" అంటే, తూకం ఆపి "చెప్పు నాయనా" అంటారు.

సెలూన్ సంగతి చెప్పాలి. క్రాఫు చేయించడమంటే మాకు యుద్ధం. మెడ మీద దువ్వెన తగిలితే ఒళ్ళు జలదరించేది వాడికి. ట్రిమ్మరు గుయ్‌మంటే కుర్చీతో సహా లేచిపోయేవాడు. వీధి చివర సెలూన్ నడిపే అతను ఒకరోజు నాతో, "మంగళవారం తీసుకురండమ్మా, షాపు మూసి ఉంటుంది, జనం ఉండరు" అన్నాడు. మంగళవారం క్షవరమేమిటని మా అత్తగారు గుండెలు బాదుకున్నారు. మొదటి మంగళవారం ఏమీ చేయలేదు. వాడు తిరిగే కుర్చీలో కూర్చుని గుండ్రంగా తిరిగాడు, అంతే. తర్వాతి వారం కత్తెర చేతికిచ్చి గాల్లో ఆడించమన్నాడు. ఇంకో వారం అద్దంలో తన జుట్టు తనే కత్తిరించుకుంటూ వాడికి చూపించాడు. ట్రిమ్మరు జోలికే పోలేదు. కొన్నాళ్ళకు ఉత్త కత్తెరతో, మెడకు గుడ్డ చుట్టకుండా, నాలుగు సార్లు ఆగి ఆగి క్రాఫు పూర్తిచేశాడు. ఏ థెరపీ కాలేజీలోనూ చదవని మనిషి. ఇప్పుడు గడ్డం కూడా ఆయనే గీస్తాడు. మా అత్తగారు మంగళవారం గురించి మాట్లాడ్డం మానేశారు. వాడు క్రాఫుతో ఇంటికి రాగానే దిష్టి మాత్రం తీస్తారు.

పెళ్ళిళ్ళకు కూడా వెళ్తాం. గట్టిమేళం వాడు భరించలేడు. కాబట్టి మంటపంలో జనం చేరకముందే వెళ్ళి, తలుపుకు దగ్గరగా కూర్చుంటాం. మాంగల్యధారణకు ముందు పెళ్ళికూతురి మేనమామో ఎవరో మాకు చెయ్యి ఊపుతారు. వాణ్ణి బయటికి తీసుకెళ్తాం. మేళం సద్దుమణిగాక వచ్చి అక్షింతలు వేస్తాడు. మొన్నామధ్య మా చుట్టాల పెళ్ళిలో మేళగాళ్ళలో పెద్దాయనకే ఎవరో చెప్పినట్టున్నారు. సన్నాయి దించి, మా వాడు గుమ్మం దాటేదాకా ఆగాడు. ముహూర్తం ఏమీ దాటిపోలేదు.

అన్ని తలుపులూ ఇలాగే తెరుచుకున్నాయని చెప్పను. ఒక బడిలో కొన్నాళ్ళు ఉంచుకుని, "మిగతా పేరెంట్స్ ఒప్పుకోవడం లేదండీ" అని టీసీ చేతిలో పెట్టారు. మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, వాటిలో ఆటిజం లేదు. 2016లో వచ్చిన చట్టం ఆ సంఖ్యను 21 చేసి ఆటిజాన్ని చేర్చింది. ఇప్పుడు 40 శాతం అంతకుమించి వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్న 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు, దగ్గర్లోని బడిలో గానీ కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కుంది. సదరం అనే ఆ వైకల్య సర్టిఫికెట్ తీసుకోవడానికి నామోషీ పడకండి. ఆ కాగితం ఉంటేనే హక్కు అడగ్గలం. నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల వరకూ ఆరోగ్యబీమా ఉంది. దానికి ముందస్తు వైద్యపరీక్షలు కూడా అక్కర్లేదు.

బడి గురించి చెబుతుంటే నాకు గుర్తొచ్చేది ఇంకో ప్రశ్న. కొత్తవాళ్ళు చాలామంది, "ఈ పిల్లలకు ఏదో ఒక గొప్ప విద్య ఉంటుందట కదా, మీవాడికి ఏమిటండీ?" అంటారు. 1988లో వచ్చిన రెయిన్ మ్యాన్ సినిమా పుణ్యమిది. అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే ఆవిడ ఉన్నారు. ఆటిజంతో పెరిగి పశుశాస్త్రంలో ప్రొఫెసరయ్యారు. అలాంటివాళ్ళు ఉన్నందుకు సంతోషమే. కానీ ఈ పిల్లల్లో చాలామందికి అలాంటి విద్యలేవీ ఉండవు. మా వాడికి బట్టలు మడతపెట్టడం వచ్చు, చపాతీపిండి కలపడం వచ్చు, రైలు పేరు వింటే వేళ చెప్పడం వచ్చు. అంతకుమించి ఏమీ రాకపోయినా, ఈ ఊళ్ళో మనిషిగా నడవడానికి ఆ పాటి చాలు.

నడవడమంటే నిజంగానే. పోయిన వేసవిలో గ్యాసు సిలిండరు దించుతుండగా వాడు గేటు దాటి వెళ్ళిపోయాడు. ఆటిజం పిల్లల్లో ఇలా వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువ. పిలిస్తే పలకరు, బండ్లకు భయపడరు, పేరూ ఊరూ అడిగితే చెప్పలేరు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా స్టేషను వైపు పరుగెత్తాను. సగం దూరంలో ఫోను మోగింది. సెలూన్ అతను. "కంగారుపడకండమ్మా. షాపు ముందు నుంచి ఒక్కడే వెళ్తుంటే చూశాను. పట్టుకుంటే బెదిరి రోడ్డు మీదికి ఉరుకుతాడని తెలుసు గదా. అందుకని బండ్లొచ్చే వైపు నేను నడుస్తున్నాను. పినాకిని చూద్దాం పద అన్నాను, నాతోపాటే వస్తున్నాడు" అన్నాడు. నేను వెళ్ళేసరికి వంతెన కింద టీకొట్టు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. వాడికి చల్లటి పాలు ఇష్టమని టీకొట్టతనికి తెలుసు. గ్లాసులో పోసి ఇచ్చి ఉన్నాడు. సెలూన్లో సగం గడ్డం గీసి వదిలేసిన మనిషి ఒకాయన నురగతోనే గుమ్మంలో నిలబడి చూస్తున్నాడట.

పట్టుకోకూడదని ఒకరికి తెలియడం, పాలు చల్లగా ఉండాలని మరొకరికి తెలియడం, ఆరోజు మా వాణ్ణి కాపాడింది ఈ రెండే. తెలియనివాడు మంచిమనసుతోనే చెయ్యి పట్టుకుని లాగి ఉండేవాడు. వాడు గింజుకుని లారీ కిందికే పోయేవాడేమో. కాబట్టి మంచితనం ఒక్కటే చాలదండీ. తెలిసుండాలి. తెలియాలంటే చూసుండాలి. చూడాలంటే మేం వాణ్ణి బయటికి తేవాలి.

గార్డియన్ దరఖాస్తు సంగతికి వస్తాను. మా అమ్మాయి వాడికంటే నాలుగేళ్ళు పెద్దది. హైదరాబాదులో ఉద్యోగం. ఆ కాలమ్ గురించి మేం తర్జనభర్జన పడుతుంటే అదే అడిగింది: "నా పేరు రాయాలనుకుంటున్నారా, రాయకపోతే నేను బాధపడతాననుకుంటున్నారా?" చెల్లెలైనా అక్కైనా తోడబుట్టినందుకు ఆ బాధ్యత పుట్టుకతో రాసిపెట్టి ఉండాలని నేననుకోను. దానికీ పెళ్ళి, సంసారం, దాని బతుకు ఉంటాయి. ప్రస్తుతానికి మా ఇద్దరి పేర్లూ రాశాం. తర్వాత ఏం చేయాలో అది ఆలోచించుకుని చెబుతానంది. చేసినా, ఒంటరిగా చేయాల్సిన పని లేకుండా ఊరు ఉండాలన్నదే మా తాపత్రయం. అందుకే వాడి గురించి ఒక కాగితం రాసిపెట్టాం. అందులో జబ్బు వివరాలు తక్కువ. ఏ శబ్దం పడదు, ఏ మాటకు ఏమర్థం, అన్నంలో పప్పు కలిపితే తినడు విడిగా పెట్టాలి, నొప్పి ఉన్నా చెప్పడు గానీ ఎడమచెయ్యి కొరుక్కుంటాడు, ఇలాంటివి. ఆ కాగితం మా ఫ్యామిలీ డాక్టరు దగ్గరుంది, పక్కింట్లో ఉంది, పోలీస్ స్టేషన్లోనూ ఇచ్చాం. కలెక్టరుగారి కమిటీకి ఇవ్వబోయే దరఖాస్తుకు కూడా జతపరిచాం. వాళ్ళు అడగలేదు, అయినా పెట్టాం.

శ్రోతలకు నాదొక విన్నపం. మీ వీధిలో ఇలాంటి పిల్లవాడో పిల్లో తప్పకుండా ఉంటారు. ఆ తల్లి బజార్లో ఎదురైతే సలహా ఇవ్వకండి, వైద్యుడి పేరు చెప్పకండి, "మీకు చాలా ఓపికండీ" అని కూడా అనకండి. "మీ వాడికి ఏమిష్టం? ఏది పడదు?" అని అడగండి. ఆమె చెప్పింది గుర్తుపెట్టుకోండి. మీ ఇంట్లో శుభకార్యానికి ఆ ఇంటికి పిలుపు వెళ్ళేటప్పుడు, పిల్లవాణ్ణి కూడా తీసుకురమ్మని ప్రత్యేకంగా చెప్పండి. ఇక ఇలాంటి బిడ్డ మీ ఇంట్లోనే ఉంటే, రేపు సాయంత్రం వాణ్ణి తీసుకుని వీధి చివరి కొట్టు దాకా వెళ్ళి, కొట్టతనికి వాడి పేరు చెప్పి రండి. ఎల్లుండి మళ్ళీ వెళ్ళండి.